సముద్ర పటాలకు పెట్టిన పసుపు

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నా ఫోన్ మోగింది. చింతపండులో గింజలు తీస్తున్నాను. చేతులు కడుక్కుని చూస్తే, మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మా మరిది వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. కోదాడలో ఏదో ఫ్లెక్సీ షాపు. బల్ల మీద పెద్ద కాగితం తళతళ మెరుస్తోంది. కింద "వదినా, అన్న పటాలకు లామినేషన్ చేపిచ్చిన. నూరేండ్లు చెక్కుచెదరవు" అని రాశాడు. పక్కన దండం పెడుతున్న చేతులు.

ఫొటోను పెద్దది చేశాను. మెరుపు వల్ల మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి కృష్ణానది సముద్రంలో కలిసే చోటు కనిపించింది. దాని చుట్టూ సన్నని అంకెలు కనిపించాయి. పై మూలల్లో పసుపు మరకలు కూడా కనిపించాయి. లేచి వెళ్లి మంచం కింద చూశాను. నా భర్త రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య పెట్టి నాడాతో కట్టి ఉంచిన సముద్ర పటాలు అక్కడ లేవు. చెక్కలున్నాయి. వాటి మీద నాడా చక్కగా మడిచి పెట్టి ఉంది. మా ఇంట్లో నాడాను అలా మడిచేది అత్తమ్మ ఒక్కతే.

నా భర్త పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. సూర్యాపేటలో మాది ధాన్యం వ్యాపారం. ఆయన తాత కాలం నుంచి ఒకటే దుకాణం. ఆయన జీవితమంతా ఆ దుకాణంలో కూర్చున్నాడు, వడ్లు కొన్నాడు, అమ్మాడు. అయినా ఇంటికి వచ్చాక ఆయన చూసుకునేవి పాత సముద్ర పటాలు. ఓడలు నడిపేవాళ్ల కోసం గీసినవి. తీరం ఎక్కడుంది, నీళ్లు ఎంత లోతున్నాయి, అడుగున ఇసుకా బురదా, ఎక్కడ ఇసుక తిన్నె ఉంది, ఇవే వాటి మీద ఉంటాయి. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊళ్లో వీటితో ఏం పని అని అందరూ అడిగేవాళ్లు. మార్కెట్ యార్డులో ఆయనను చూడగానే "సేటూ, మూసీల ఓడ ఎప్పుడు దిగుతది?" అని ఎవరో ఒకరు అనేవారు. "నీళ్లు రానియ్ ముందు" అని ఆయన చెప్పేవాడు.

సంతాప సభలో ఒకాయన మా ఆయనను సముద్ర ప్రేమికుడు అన్నాడు. అది నిజం కాదు. మేం ఇద్దరం ఒకసారి బందరు పోయాం. చెప్పుల్లో ఇసుక పడిందని ఆయన విసుక్కున్నాడు. ఉప్పుగాలికి ఒళ్లు జిడ్డుగా ఉందని సాయంత్రం కాకముందే బస్సెక్కాడు. ఆయనకు సముద్రం అక్కర్లేదు. దాన్ని కొలిచి కాగితం మీద పెట్టిన మనుషుల పని తీరు ఆయనకు కావాలి.

మొదటి పటం పొట్లాల కాగితంలో వచ్చింది. అప్పట్లో దుకాణంలో పప్పులూ బెల్లమూ కూడా అమ్మేవాళ్లు. పొట్లాలు కట్టడానికి కోదాడలో పాత కాగితాల వ్యాపారి దగ్గర కట్టలు కొనేవాళ్లు. ఆ వ్యాపారికి కోస్తా నుంచి లారీల్లో సరుకు వచ్చేది. ఒక కట్టలో మందపాటి కాగితం ఒకటి వచ్చింది. మామగారు దాన్ని పొట్లం చుట్టబోతే మడత నిలవలేదు. పనికిరాదని పక్కన పడేస్తే ఆయన తీసుకున్నాడు. మాకు అప్పటికి ఇంకా పెళ్లి కాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు కోదాడ వెళ్లినప్పుడల్లా ఆ వ్యాపారి గోదాములో కూర్చుని కట్టలు విప్పేవాడు. బందరు ఓడరేవు కచేరీలో తీసి పారేసినవి అలా కొన్ని దొరికాయి. కొన్ని తర్వాత హైదరాబాదులో పాత పుస్తకాల వాళ్ల దగ్గర కొన్నాడు. మొత్తం పదకొండు. అన్నీ కృష్ణానది సముద్రంలో పడే చోటువే. వేరేవి దొరికినా కొనలేదు.

అవి లండన్‌లో అచ్చయిన పటాలు. ఇక్కడ పడవల్లో తిరుగుతూ తాడుకు సీసం గుండు కట్టి నీళ్లలో వేసేవాళ్లు. గుండు అడుగున గుంటలో కొవ్వు పూసేవాళ్లు. కింద ఇసుక ఉంటే ఇసుక, బురద ఉంటే బురద దానికి అంటుకుని పైకి వచ్చేది. ఆ లెక్కలన్నీ లండన్ చేరేవి. అక్కడ ఒక మనిషి రాగిరేకు మీద అన్నిటినీ తిరగేసి చెక్కేవాడు. కుడి ఎడమగా, ఎడమ కుడిగా. ఆ చెక్కినతను ఈ తీరాన్ని ఎప్పుడూ చూసి ఉండడు. నది దారి మార్చుకుందని కబురు వస్తే రేకును వెనక నుంచి సుత్తితో కొట్టి, ఆ చోటు చదును చేసి, కొత్త తీరం మళ్లీ చెక్కేవాడు. పాత గీత పూర్తిగా పోయేది కాదు. పటాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే కొత్త తీరం పక్కన పాత తీరం నీడలా కనిపించేది. ఆదివారం దుకాణం మూసి వచ్చాక ఆయన నాకు ఇవన్నీ చూపించేవాడు. "ఇగో, ఇది వాడు చెరిపేసిన గీత. చెరిపినా దాసిపెట్టలే చూడు" అనేవాడు.

నాకు ఆ మనుషుల మీద అంత గౌరవం ఉండేది కాదు. పెళ్లయిన కొత్తలోనే ఒక పోట్లాట అయింది. పడవ నడిపింది మన బెస్తవాళ్లు, తిన్నె ఎక్కడుందో చెప్పింది వాళ్లు, ఆ తాడు విసిరింది వాళ్లు. పటం అంచు మీద పేర్లు కెప్టెన్‌వి, చెక్కినతనివి, అచ్చు వేసినతనివి. ఒక్క మనవాడి పేరైనా ఉందా అని అడిగాను. ఆయన అంచు మీద వేలు పెట్టి పేర్లన్నీ మళ్లీ చదివాడు.

"లేదు. అది అన్యాయమే" అన్నాడు చివరికి. "గని, పేరు రాసినోడు ఒకటి ఒప్పుకున్నట్టు. ఓడ మునిగితే ఎవన్ని అడగాల్నో అంచు మీద ఉంటది. ఏ ఏడు కొలిచిండ్రు, ఎవడు కొలిచిండు, ఎవడు దిద్దిండు. మన యాపారంల గట్ల రాసిచ్చేటోన్ని ఒక్కన్ని చూపియ్యి."

ఆయన అన్నీ తెలిసిన మనిషి అని చెప్పడం లేదు. ఆ పటాల మీద ఉన్న అంకెలు అడుగులు అనుకుని ఆయన ఇరవై ఏళ్లకు పైగా చూశాడు. విశాఖపట్నం నుంచి ఒకావిడ వచ్చి చెప్పేదాకా ఆ సంగతి తెలియదు. ఆవిడ తీరాలు కోసుకుపోవడం మీద పరిశోధన చేస్తుంది. మా పటాల గురించి ఎవరి ద్వారానో విని వచ్చింది. "సార్, ఇవి అడుగులు కావండీ, బారలు. చేతులు రెండూ చాపితే ఎంతో అంత. ఒక్కోటి ఆరడుగులు" అంది. ఆయన తన చేతులు చాపి చూసుకున్నాడు. "అంటే ఇన్నేండ్ల సంది సముద్రంల ఆరింట ఒక వంతే చూసిన్నా" అని నవ్వాడు. రెండు రోజులు అదే చెప్పుకుని నవ్వాడు. దుకాణానికి వచ్చినవాళ్లకు కూడా చెప్పాడు.

ఆవిడ రెండోసారి వచ్చినప్పుడు అసలు సంగతి చెప్పింది. ఇలాంటి అచ్చు పటాలు వేరేచోట కూడా దొరకవచ్చు. కానీ మా వాటి మీద బందరు ఓడరేవు గుమాస్తాలు ఎర్రసిరాతో చేసిన దిద్దుబాట్లు ఉన్నాయి. ఇసుక మేట జరిగినప్పుడల్లా వాళ్లు చేత్తో దిద్ది, కింది అంచు మీద తేదీ వేసి పొడి అక్షరాలు పెట్టారు. నది నోరు ఏ ఏడాది ఎటు జరిగిందో ఆ పదకొండు కాగితాలు వరసగా పెడితే చదువుకోవచ్చు. అది ఇంకెక్కడా లేదు. తమ సంస్థకు ఇస్తే ఆయన పేరు మీద అన్నీ ఒక్కచోట ఉంచుతామంది. ఒకే ఒక్క మాట అడిగింది. దేనికీ అతికించకూడదు, కత్తిరించకూడదు, ఎలా ఉన్నవి అలా కావాలి. ఆయనకు చాలా సంతోషమైంది. ఇంకొన్నాళ్లు చూసుకుని ఇస్తానన్నాడు. అలా అన్న మూడు నెలలకు మంచం పట్టాడు.

సూర్యాపేటలో దవాఖానలో ఉండగా ఆయన అడిగింది ఇదొక్కటే. "అవి గట్లనే ఉండాలె. అతికియ్యొద్దు, కొయ్యొద్దు, అద్దాలల్ల పెట్టొద్దు. అన్ని కలిపి ఆ మేడంకియ్యాలె." అప్పుడు మంచానికి అటు మా మరిది కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు. ఇటు నేను.

ఆయన పోయాక నాకు ఏ పనీ చేతకాలేదు. ఆవిడకు ఫోన్ చేస్తే, తొందరేం లేదు, సంవత్సరికం అయ్యాక వచ్చి తీసుకుంటాను అంది. అందుకని ఆ చెక్కల కట్టను మంచం కిందే ఉంచాను.

ఇప్పుడు ఆ చెక్కల మధ్య ఏమీ లేదు.

అత్తమ్మ వరండాలో కూర్చుని వత్తులు చేస్తోంది.

"అత్తమ్మా, మంచం కింది కాయితాలు ఎవరికిచ్చిండ్రు?" అని అడిగాను.

"చిన్నోడు వచ్చిండు గద మొన్న, నువ్వు పెన్‌పహాడ్ పోయిన్నాడు. ఇచ్చిన."

"నన్నొక మాట అడగొద్దా?"

"అడిగేదేమున్నది? నా ఒక కొడుకుయి, ఇంకో కొడుకు తీస్కపోయిండు. ఊరోడు ఎత్కపోయిండా?"

"పసుపు ఎవరు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన. నాలుగు మూలలకు. కొత్త చిట్టాకు పెట్టమా? మంచి పనికి పోయే కాయితం ఉత్తగ పోతదా?"

మా వాళ్లు దీపావళికి కొత్త చిట్టాపుస్తకం తెచ్చినప్పుడు నాలుగు మూలలకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆ తర్వాతే మొదటి పద్దు రాస్తారు. అత్తమ్మ కూడా డెబ్బై ఏళ్లుగా చేస్తున్నది అదే. ఆమె తన కొడుకు పటాలకు ఒక్కోదానికీ నాలుగు మూలలా, అంచు దాటి లోపలిదాకా తడి పసుపు పెట్టింది. ప్రేమతోనే పెట్టింది. అది నాకు తెలుసు. తెలిసినా కోపం ఏమాత్రం తగ్గలేదు. ప్రేమతో చేశారు కాబట్టి ఏమీ అనకూడదనే మాట ఆ ఏడాది నేను చాలామంది నోట విన్నాను. ప్రేమ ఉన్నవాళ్లకు అడిగే బాధ్యత ఇంకా ఎక్కువ ఉండాలి కదా అని ఒక్కరూ అనలేదు.

మరిదికి ఫోన్ చేశాను.

"వదినా, చూసినవా? ఎట్లున్నయ్?"

"అంచులేవి?"

"ఏం అంచులు?"

"నల్లగీత బయట తెల్లగ ఉండె. దాని మీద రాతలుండె."

"ఓ, గదా. గీడ మిషను రెండు ఫీట్లదే వదినా. పటం పట్టలే. షాపాయన సుట్టూ ఇంచున్నర తీసిండు. బొమ్మకేం కాలే. బొమ్మ సుద్దంగున్నది."

"ఎవరు తియ్యమన్నరు?"

"ఎవరన్న చెప్పాల్నా? అందరు తీస్తరు. లచ్చిందేవి ఫొటో ఫ్రేము కట్టిచ్చినా అంచు తీస్తరు గద."

"మిగిలినయన్న ఆపు."

"మిగిలినయేడివి? అన్ని ఖతం అయినయ్."

పని అంతా ముగిసిందని సంబరంగా చెప్పాడు. వెనక మిషను చప్పుడు వినిపిస్తోంది. నేను ఫోన్ పెట్టేసి, చీర మార్చుకుని, కోదాడ బస్సెక్కాను. పటాలు పాడయ్యాయి, అది సరే. అంచుల ముక్కలైనా దొరికితే ఏ అంచు ఏ పటానిదో కొలత గీతలను బట్టి కలపవచ్చు. తేదీలు, పేర్లు మిగులుతాయి. మునగాల దాటేదాకా బస్సులో ఇదే లెక్క వేసుకున్నాను. నా పక్కన కూర్చున్నామె ఎవరింటికి పోతున్నావని అడిగితే, ఎవరింటికీ కాదన్నాను.

నేను చేరేటప్పటికి మా మరిది మిర్యాలగూడ వెళ్లిపోయాడు. షాపతను ముప్పై ఐదేళ్ల మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాడు.

"సార్ వాళ్ల వదినగారా మీరు? సార్ చాలా ఇదయ్యారండి, వాళ్ల అన్నయ్యగారిని తల్చుకుని."

"కత్తిరించిన ముక్కలు కావాలి" అన్నాను.

"ముక్కలాండి? ఏం ముక్కలు?"

"పటాల అంచులు."

"అవి చెత్తలో వేశామండి. నిన్న కోశాం కదా. పొద్దున్నే వెనకాల తగలెట్టేశాం."

"నిన్ననా?"

"కొయ్యడం నిన్నండి. ఇవ్వాళ మిషన్ ఎక్కించాం. పాతకాగితం కదా, మురికి ఉందని నేనే తడిగుడ్డ పెట్టి తుడిచి ఆరబెట్టాను. దానికి డబ్బులేం తీసుకోలేదండి."

"తుడిస్తే ఎర్రసిరా పోలేదా?"

"అక్కడక్కడా గీతలున్నాయండి ఎర్రవి. ఎవరో పిల్లలు గీశారేమో అనుకున్నాను. సగం పోయాయి. సగం పోలేదు."

 అతను నా ముఖం చూసి ఏదో తప్పు జరిగిందని గ్రహించాడు.

"అంచు లేకపోతే బోసిగా ఉందనిపిస్తే చెప్పండి మేడం. కంప్యూటర్లో చేసిస్తాను. పూల బార్డరు పెట్టొచ్చు, ఇప్పుడు అందరూ అదే పెట్టించుకుంటున్నారు. సార్‌కి చెప్పినట్టే మీకూ రేటు తగ్గిస్తాను."

"ఈ ప్లాస్టిక్కు ఊడదీయొచ్చా?"

"ఊడదండి. హాట్ లామినేషన్. గ్యారంటీ" అన్నాడు, నేను నాణ్యత గురించి అడిగాననుకుని.

షాపు వెనక్కి వెళ్లి చూశాను. నల్లటి మచ్చ, సగం కాలిన ఫ్లెక్సీ ముక్కలు, టీ కప్పులు. కాగితం ఏదీ లేదు. అతను నా వెనకే నిలబడి "ఎవరైనా చెప్తే దాచేవాణ్ణి కదండీ" అన్నాడు. ఆ మాట నిజమే. అతను మా మరిది చెప్పింది చేశాడు. మా మరిది, అమ్మ ఇచ్చిందన్నాడు. అమ్మ, కొడుకు అడిగాడంది. లండన్‌లో రాగిరేకు చెక్కిన మనిషి నదిని ఒక పక్కకు తప్పు గీస్తే ఆ తప్పు కింద అతని పేరుంది. పదకొండు పటాలు రెండు రోజుల్లో నాశనమైతే ఆ పని చేసినవాళ్లు ఎవరూ లేరు.

విశాఖలో ఆవిడకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అయినా చూస్తానని వచ్చింది. అప్పటికి ఆ పటాలు మిర్యాలగూడ మిల్లులో ఉన్నాయి. నేను కారు మాట్లాడుకుని వెళ్లి అడిగితే మరిది సూర్యాపేటకు ఇచ్చి పంపాడు. "జాగ్రత్త వదినా, గీత పడుతది" అన్నాడు. అతనికి నిజంగానే ఆ ప్లాస్టిక్కు మీద గీత పడుతుందని బెంగ.

ఆవిడ ఒక్కో పటాన్నీ కిటికీ వైపు తిప్పి చూసింది. ఎటు తిప్పినా ప్లాస్టిక్కు మెరుపులో కిటికీయే కనబడింది తప్ప చెరిపిన గీతలు కనబడలేదు. పసుపు తడికి కాగితం ఉబ్బి, లోపల బుడగలు కట్టాయి. బందరు గుమాస్తా ఎర్రసిరాతో వేసిన తిన్నె ఒకటి గులాబీ రంగు మరకై తీరం దాటి లోపలికి పాకింది.

"ఇది ఏ ఏడాదిదో మీకు గుర్తుందా అమ్మా?"

"కొన్ని గుర్తున్నయి. అన్ని లేవు."

"గుర్తున్నవి కూడా..." అని ఆగిపోయింది. తర్వాత మామూలుగా చెప్పింది. "తేదీ పటం మీద ఉండాలండి. మనం చెప్తే చెల్లదు. సార్ ఉన్నప్పుడు నేను నది నోరు వరకే ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను, అవీ రెండు పటాలవే. ఎలాగూ మా దగ్గరికే వస్తున్నాయి కదా, అప్పుడు అన్నీ సరిగ్గా స్కాన్ చేద్దాం అనుకున్నాను."

"ఇప్పుడు తీస్కపోతరా?"

"తీసుకెళ్తే గోడకు పెట్టుకోవాలమ్మా. పనికి రావు."

ఆవిడ అలా మెత్తబరచకుండా చెప్పినందుకు నాకు మేలనిపించింది. ఆ ఏడాదంతా నాతో సూటిగా మాట్లాడింది ఆవిడ ఒక్కతే. కాఫీ తాగి, సగం కప్పు వదిలేసి, బస్సుకు వెళ్లిపోయింది. పటాలను మా మరిది మనిషిని పంపి మళ్లీ తెప్పించుకున్నాడు. నేను ఆపలేదు. ఆపి ఏం చేసుకోను?

మాకు పిల్లలు లేరు. అందుకని కర్మలన్నీ మా మరిదే చేశాడు. సంవత్సరికం కూడా మిర్యాలగూడలో అతనింట్లోనే చేశాడు. పంతులు చెప్పినవన్నీ ఒక్కటీ తప్పకుండా చేశాడు. భోజనాలు మిల్లు షెడ్డులో పెట్టారు. అక్కడ గోడ పొడుగునా పదకొండు పటాలు వేలాడుతున్నాయి. ఒక్కోదానికి బంతిపూల దండ. ప్లాస్టిక్కు మీద కుంకుమ బొట్లు. ట్యూబులైట్లన్నీ వాటిలో కనిపిస్తున్నాయి.

వచ్చినవాళ్లు వాటి ముందు నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. మా మరిదికి తెలిసిన ఇంకో మిల్లు యజమాని నా దగ్గరికి వచ్చి, "వదినమ్మా, అన్న ఎన్నిసార్లు షిప్పు ఎక్కిండు?" అని అడిగాడు.

"ఒక్కసారి గూడ ఎక్కలే."

"ఎక్కకుండనే ఇన్ని గీసిండా?" అని ఆశ్చర్యపోయాడు. అవి ఆయన గీసినవి కావని చెప్పాను. "మరెవలు గీసిండ్రు?" అని అడిగాడు. అది నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న. వేలు పెట్టి ఇదిగో వీళ్లు అని చూపించడానికి గోడ మీద ఎక్కడా ఒక్క పేరు మిగల్లేదు. నేను తెలియదన్నాను.

ఇంకొకాయన మైకు తీసుకుని, పోయినవారిది సముద్రమంత మనసు అన్నాడు. చప్పట్లు కొట్టారు. సంవత్సరికంలో చప్పట్లేమిటో నాకు అర్థం కాలేదు.

భోజనాలయ్యాక మా మరిది చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వస్తే నేను అక్కడ నిలబడి ఉన్నాను.

"మంచిగ జరిగింది గద వదినా" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొద్దుటి నుంచి ఏడుస్తూనే ఉన్నాడు.

"ఒకటి అడుగుతా. నిజం చెప్పు. అన్న అవి గట్లనే ఉంచుమన్నది నీకు తెల్వదా?"

"నాకేడ చెప్పిండు?"

"దవాఖానల. నువ్వు బత్తాయి ఒలుస్తున్నవు."

నల్లా కట్టేశాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. అవసరమైనదానికంటే ఎక్కువసేపు తుడుచుకున్నాడు.

"విన్న" అన్నాడు. "గని వదినా, రోగంల ఉన్న మనిషి ఏదేదో అంటడు. గా మాసిపోయిన కాయితాలు, మూలలు కొరుక్కపోయినయి, పరాయి ఊరోళ్లకు గట్లనే ఇస్తే మన ఇంటి పరువేం గావాలె? ఇంత మిల్లు పెట్టుకోని అన్న సామాను చింపిరిగ పంపిచ్చిండ్రు అనరా? మంచిగ చేసి ఇద్దామనుకున్న."

"మంచిగ చెయ్యొద్దనే గద అడిగింది."

"నేను అన్న కోసం చేసిన."

"నీ పరువు కోసం చేసినవు."

"వదినా, మాట జర సూస్కో. ఆయనకు కొడుకు లేకుంటె కొడుకు పని నేను చేసిన."

"కొడుకు పని చేసినవు. చెప్పిన పని చెయ్యలే."

నేను పాత తప్పులు తవ్వలేదు, గొంతు పెంచలేదు. అప్పటిదాకా అతనికి తెలియక జరిగింది అనుకునేదాన్ని. తెలియక చేసిన పనికి కోపం వస్తుంది, కొన్నాళ్లకు చల్లారుతుంది. అతను విన్నాడు. విని, చావబోతున్న మనిషి మాటను జబ్బు మనిషి మాటగా లెక్కకట్టి పక్కన పెట్టాడు. ఆయన ముప్పై ఏళ్లు ఆలోచించి చెప్పిన ఒక్క మాటను. ఆ సాయంత్రం అత్తమ్మను తీసుకుని సూర్యాపేట వచ్చేశాను. దారంతా అత్తమ్మ, అన్నదమ్ముల ఇళ్లు ఒక్క కాయితానికి ఇరగ్గొడుతవా అని తిట్టింది. పదకొండు కాయితాలని కూడా నేను సరిదిద్దలేదు.

కొందరు నాకు నచ్చజెప్పడానికి వచ్చారు. మోతె నుంచి మా పెద్దనాన్న కొడుకు వచ్చి, "కాయితాలకు మనుషులను వదులుకుంటరా చెల్లె?" అన్నాడు. "మనుషులను వదులుకున్నది నేనా?" అన్నాను. అతను టీ తాగి, ధాన్యం ధర గురించి మాట్లాడి వెళ్లాడు. పటాలు ఇప్పటికీ మిల్లు షెడ్డులోనే ఉన్నాయి. వడ్ల దుమ్ము పడితే తడిగుడ్డతో తుడుస్తారట. షాపతను ఇచ్చిన గ్యారంటీ మాత్రం నిజం. ఏమీ కాదు.

కోతలయ్యాక మిర్యాలగూడ నుంచి ఎప్పటిలాగే ఆటోలో బియ్యం వచ్చాయి. కొత్త పంట ఆడిన మొదటి బస్తాలు పెద్దకొడుకు ఇంటికి పంపడం వాళ్ల నాన్న పెట్టిన పద్ధతి. మిల్లు పెట్టినప్పటి నుంచి ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఆటో అతను బస్తా దించబోతే వద్దన్నాను.

"సేటు ఇచ్చి రమ్మన్నడమ్మా" అన్నాడు.

"తీస్కపోయి, వదినె వద్దన్నదని చెప్పు."

"ఎందుకంటె ఏం చెప్పాలె?"

"ఆయనకు తెలుసు."

అత్తమ్మ గడపలో నిలబడి అంతా విన్నది. "మిల్లున్న ఇంట్ల బియ్యం కొనుక్కోని తింటమా? నలుగురు ఏమంటరు?" అంది. నేను సంచి తీసుకుని వీధి చివరి దుకాణానికి వెళ్లి బియ్యం తెచ్చాను. ఆ రాత్రి అత్తమ్మ అన్నం ముద్దలు కట్టిందని తిట్టుకుంటూ తిన్నది. మర్నాడు కూడా తిట్టుకుంటూనే తిన్నది. మా ఇంట్లో ఇప్పుడు మిల్లు బియ్యం వండడం లేదు.